పులస పులుసులో ఏముంది?

మీ ఊళ్ళో చేపల బజారుకు ఎప్పుడైనా వెళ్ళారా? వెళ్ళే ఉంటారు. అయితే చాలామంది పిల్లలు పెద్దవాళ్ళ వెనకాల ముక్కు మూసుకొని వెళ్తారు, సంచీ మోసుకొని తిరిగి వస్తారు. మధ్యలో ఏం జరిగిందో చూడరు. ఈసారి మనం కాస్త నిదానంగా చూద్దాం. ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చింది. ఎగువన కురిసిన వానలకు గోదావరి ఎర్రబడింది. రాజమహేంద్రవరంలోను, ధవళేశ్వరంలోను, ఆ దిగువన యానాంలోను తెల్లవారేసరికి గంపలు దిగుతున్నాయి. పదండి.

ముందు చేపలమ్మే మామ్మ దగ్గర ఆగుదాం. “ఇది నిన్నటి చేపేమో” అని ఎవరైనా సణిగితే ఆవిడ వాదన పెట్టుకోదు. తల పట్టుకొని మొప్ప పైకెత్తి చూపిస్తుంది. “చూసుకో బాబూ! నేను అబద్ధమాడినా మొప్ప ఆడదు” అంటుంది. ఈ మాట అక్షరాలా నిజం. చేపకు మొప్పలు మనకు ఊపిరితిత్తుల వంటివి. నీళ్ళలో కరిగివున్న ప్రాణవాయువును పట్టుకోవడానికి వాటిలో సన్నని రక్తనాళాలు దట్టంగా అల్లుకొని ఉంటాయి. పైన ఉన్న పొర చాలా పలచన. అందుచేత రక్తం ఎరుపు బయటికి కనబడుతుంది. చేప చచ్చిపోయిన తర్వాత రక్తంలోని హిమోగ్లోబిన్ క్రమక్రమంగా మార్పు చెందుతుంది. ఎరుపు తగ్గి గోధుమరంగు వస్తుంది. కొందరు వర్తకులు మొప్పలకు రంగు పూస్తారనే మాటా వింటుంటాం. అందుకే మామ్మ కన్ను కూడా చూడమంటుంది. తాజా చేప కన్ను నిగనిగలాడుతూ ఉబ్బెత్తుగా ఉంటుంది. నిలవ చేప కన్ను లోపలికి పోయి, మసకబారి ఉంటుంది. కంటిలోని నీరు తగ్గిపోవడం, అందులోని మాంసకృత్తులు విరిగిపోవడం దీనికి కారణం. కంటికి రంగు వేయడం ఎవరి తరమూ కాదు!

ఇక మూడో పరీక్ష వేలితో. కండ మీద గట్టిగా నొక్కి వేలు తీయండి. గుంట వెంటనే పూడితే మంచి చేప. గుంట అలాగే ఉండిపోతే కండలోని పోగులు అప్పటికే చివికిపోవడం మొదలైందన్నమాట. కొన్ని చేపలను మధ్యలో పట్టుకుంటే కర్రలా బిగుసుకొని ఉంటాయి, తోక వేలాడదు. అవి మరీ తాజావి. కండలు సడలాలన్నా కొంత శక్తి కావాలి. ప్రాణం పోయాక ఆ శక్తి తయారు కాదు గనుక అవి బిగిసిన చోటే ఆగిపోతాయి. కొన్ని గంటల తర్వాత, లోపలి రసాయనాలే కండను కరిగించడం మొదలుపెట్టాక, మళ్ళీ మెత్తబడతాయి.

మేకమాంసం కంటె చేప ఎందుకు త్వరగా చెడుతుంది? చేప కండ మెత్తన, నీరు ఎక్కువ, సూక్ష్మజీవులు చొరబడటం తేలిక. పైగా చేపలోని కొవ్వు గాలి తగిలితే తొందరగా చెడిపోయే రకం. అందుకే మంచుగడ్డ లేకపోతే ఈ వ్యాపారమే లేదు. ఆ పక్క దించుతున్న ప్లాస్టిక్ ట్రేలు చూడండి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు. అవి గోదావరిలో పుట్టినవి కావు. చాలావరకు కొల్లేటి చుట్టుపక్కల, కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో పెంచినవి. అక్కడి నుంచి చేపలు మంచులో పడుకొని లారీల్లో బెంగాలు, అస్సాం దాకా ప్రయాణం చేస్తాయి.

ఈ చెరువు చేపల వెనక ఒక చిన్న చరిత్ర ఉంది. బొచ్చె, శీలావతి చెరువులో పెరుగుతాయి గాని గుడ్లు పెట్టవు. వాటికి పారే వరదనీరు కావాలి. పూర్వం నదుల్లో పిల్లలను ఏరుకొని వచ్చి చెరువుల్లో వేసుకొనేవారు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, చెరువులోనే గుడ్లు పెట్టేలా చేయగలిగాడు. ఈవేళ మన రాష్ట్రం చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానంలో ఉందంటే ఆ సూదిమందు చలవ చాలా ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. కాసేపటికి మళ్ళీ అవసరం పడుతుంది.

అదిగో, ఆ తొట్టిలో కదులుతున్నవి కొర్రమీనులు. తొట్టిలో నీళ్ళు జానెడు కూడా లేవు, అయినా బతికే ఉన్నాయి. మధ్యమధ్య మూతి పైకి పెట్టి గుటకేస్తున్నాయి చూశారా? అవి గాలి పీలుస్తున్నాయి. కొర్రమీనుకు మొప్పల పైన ఒక చిన్న గది ఉంటుంది. అందులోకి గాలి తీసుకొని, ప్రాణవాయువును గ్రహిస్తుంది. మార్పు, ఇంగిలాయి చేపలకు కూడా గాలి పీల్చే ఏర్పాటు ఉంది. ఎండాకాలంలో బురదగుంటల్లో నీరు కుళ్ళి ప్రాణవాయువు తగ్గిపోతే మిగిలిన చేపలు చస్తాయి, ఇవి బతుకుతాయి. విచిత్రమేమిటంటే, పెద్ద కొర్రమీనును పైకి రానీయకుండా నీళ్ళలోనే వలతో అదిమి ఉంచితే ఊపిరాడక చచ్చిపోతుంది. నీళ్ళలో మునిగి చచ్చే చేప!

సరే, ఇంతసేపూ ఒక గంప చుట్టూ జనం మూగి ఉన్నారు. అక్కడికి వెళదాం.

వలస పులస అయ్యేదెలా?

గంప మీది తడిగుడ్డ తీయగానే వెండిరేకుల్లాంటి పొలుసులు తళుక్కుమంటాయి. అదే పులస. ఒక్క చేప ఇరవై వేల రూపాయలు దాటి పలికిన సందర్భాలు ఈ మధ్య సంవత్సరాల్లో ఉన్నాయి. “పుస్తెలు అమ్మైనా పులస తినాలి” అనే సామెత గోదావరి జిల్లాల్లో తెలియనివారు లేరు. ఆ సామెత కట్టినవాడు పుస్తెలు ఎవరివో ఆలోచించినట్టు లేదు! అది అలా ఉంచండి. అసలు ఆశ్చర్యం వేరే ఉంది. ఇదే చేప బంగాళాఖాతంలో దొరికితే దాన్ని వలస అనో, ఇలస అనో అంటారు. అప్పుడు ధర వందల్లోనే. రెండూ ఒకే జాతి. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే ఆయన గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఈనాటి పేరు టెన్యులోసా ఇలిషా. బెంగాలీలు ప్రాణంగా చూసుకొనే ఇలిష్ ఇదే.

ఒకే చేప అయితే, సముద్రంలో ఒక ధర, గోదావరిలో ఒక ధర ఏమిటి? పేరు మారితే రుచి మారుతుందా? మారదు. కాని నీరు మారితే చేప మారుతుంది. ఎలాగో చూద్దాం.

మీ ఇంట్లో మాగాయ పెట్టేటప్పుడు గమనించారా? మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో వేస్తే మర్నాటికి ఊట ఊరుతుంది. నీళ్ళు ఎవరూ పోయలేదు. ముక్కలోని నీరే, ఉప్పు ఎక్కువగా ఉన్న వైపుకు బయటికి వచ్చింది. ఎండుద్రాక్షను మంచినీళ్ళలో వేస్తే దీనికి ఎదురు జరుగుతుంది. నీరు లోపలికి పోయి పండు ఉబ్బుతుంది. దీన్నే ద్రవాభిసరణం అంటారు. ఇప్పుడు చేపను తలచుకోండి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చేప రక్తంలో ఉండేది అందులో మూడోవంతు. అంటే సముద్రంలో ఉన్న చేప ఉప్పులో వేసిన మామిడిముక్క వంటిది. దాని ఒంట్లోని నీరు ఎప్పుడూ బయటికి పోతూ ఉంటుంది. అందుకని అది సముద్రపు నీరు తాగుతూ, ఎక్కువైన ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాల ద్వారా బయటికి తోసేస్తూ ఉంటుంది. గోదావరిలోకి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఇప్పుడది మంచినీళ్ళలో వేసిన ఎండుద్రాక్ష. నీరు లోపలికి వచ్చిపడుతుంది. తాగడం మానాలి, మూత్రం రూపంలో నీటిని పారబోయాలి, ఉప్పును తోసేసే కణాలు ఇప్పుడు ఉప్పును పట్టి లోపలికి తేవాలి. చాలా చేపలు ఈ మార్పుకు తట్టుకోలేక చనిపోతాయి. పులస తట్టుకుంటుంది. సముద్రం నుంచి ఒక్కసారిగా దూకకుండా, గౌతమి, వసిష్ఠ పాయల మొగల దగ్గర సగం ఉప్పు, సగం మంచి అయిన నీళ్ళలో సర్దుకుంటూ పైకి వస్తుంది.

ఇంత కష్టం ఎందుకంటారా? గుడ్లు పెట్టడానికి. పెద్ద ఆడచేప లక్షల కొద్దీ గుడ్లు పెడుతుంది. వాటికి ఉప్పులేని, పారే నీరు కావాలి. వరద వచ్చినప్పుడు నదినీరు సముద్రంలోకి దూరం దాకా వెళ్ళి కబురు చెప్పినట్టవుతుంది. ఆ కబురు అందుకొని గుంపులుగా ఎదురీదుతూ వస్తాయి. జాలరులు ఎర్రనీటి కోసం ఎదురుచూసేది అందుకే. మన పండుగప్ప చేసేది సరిగ్గా దీనికి ఎదురు. అది ఏటి నీళ్ళలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఉప్పునీటికి దిగిపోతుంది. ఇంకో విడ్డూరం, పండుగప్పలు మొదట మగచేపలుగా ఉండి, పెద్దయ్యాక ఆడచేపలుగా మారతాయి. దాని సంగతి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి.

పులస ప్రయాణానికి చద్దిమూట కట్టుకొనే బయలుదేరుతుంది. ఆ మూట కొవ్వు. కొన్ని చేపల్లో కండ బరువులో నూటికి పదిహేను, ఇరవై పాళ్ళ దాకా కొవ్వే. నదిలో ఎదురీదేటప్పుడు అది మేత తినడం చాలా తగ్గిస్తుంది. ఉన్న కొవ్వునే ఖర్చు పెట్టుకుంటుంది. దాంతో కండలోని కొవ్వు పాళ్ళు, రకాలు మారతాయి. ఇంకొక మార్పు కూడా ఊహించవచ్చు. సముద్రపు చేపలు ఉప్పు ఒత్తిడిని తట్టుకోవడానికి కండలో ట్రైమిథైల్ అమైన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని నిలవ చేసుకుంటాయి. పేరు పొడుగే గాని, పని తెలిస్తే మరచిపోరు. చేప చచ్చాక సూక్ష్మజీవులు దీన్ని ట్రైమిథైల్ అమైన్‌గా మారుస్తాయి. మనం నీచు వాసన అనేది ముఖ్యంగా దానిదే. మంచినీటి చేపల్లో ఈ పదార్థం చాలా తక్కువ. నదిలోకి వచ్చిన చేపకు కూడా దీని అవసరం తగ్గుతుంది. కనుక గోదావరి నీళ్ళు “తీపి” అయినందువల్లే పులసకు రుచి వచ్చిందనడం పూర్తిగా సరికాదు. నీరు మారినందుకు చేప ఒళ్ళు చేసుకొన్న సర్దుబాట్లే మన నాలుకకు తెలుస్తున్నాయి.

ఒక హెచ్చరిక. పులస పేరుతో ఒడిశా, బెంగాలుల నుంచి మంచులో వచ్చిన ఇలసను అంటగట్టేవారు కూడా బజారులో ఉంటారు. జాతి ఒకటే గనుక చూడగానే తేల్చడం అనుభవజ్ఞులకే చెల్లు. మనం నేర్చుకొన్న మొప్ప, కన్ను, వేలు పరీక్షలు చేప నిలవదా కాదా అన్నది చెబుతాయి గాని, ఎక్కడిదో చెప్పవు.

దాకలోని రసాయన శాస్త్రం

ఇంటికి వచ్చాం. పొలుసు తీసి, కత్తిపీట మీద ముక్కలు కోసి, కడిగారు. పులస పులుసు మట్టిదాకలో పెట్టాలని గోదావరి వాళ్ళ పట్టుదల. ఇందులో చాదస్తం ఎంత, శాస్త్రం ఎంత? చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు పెడితే ఆ ఆమ్లం లోహాన్ని కరిగించి, పులుసును చిలుమెక్కిస్తుంది. తింటే ప్రమాదం కూడా. మట్టిని ఆ ఆమ్లం ఏమీ చేయదు. పైగా దాక నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. సెగ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాకుండా చేప సన్నగా ఉడుకుతుంది. స్టీలు గిన్నెలో కూడా సన్నటి సెగమీద మంచి పులుసే వస్తుంది, కాని ఆ మాట మా అమ్మమ్మ ముందు అనడానికి నాకు ధైర్యం చాలేది కాదు.

చింతపులుసు చేసే మేలు రుచి ఒక్కటే కాదు. ట్రైమిథైల్ అమైన్ క్షార గుణం ఉన్నది. ఆమ్లంతో కలిస్తే లవణంగా మారుతుంది. లవణం గాలిలోకి ఎగరదు, ఎగరనిది ముక్కుకు తగలదు. కావాలంటే ఈ పరీక్ష చేయండి. చేపలు కడిగిన చేతులను సబ్బుతో రుద్దుకొని వాసన చూడండి. నీచు పూర్తిగా పోదు. సబ్బు కూడా క్షారమే గదా! తర్వాత చింతపండు పిప్పితోనో, నిమ్మచెక్కతోనో రుద్దుకోండి. చాలావరకు పోతుంది. చెరువు చేపలకు వేరే వాసన ఉంటుంది, మట్టివాసన. తొలకరి చినుకు పడ్డప్పుడు నేల నుంచి వచ్చేదీ అదే. జియోస్మిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. నీళ్ళలోని కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. లక్షకోట్ల పాళ్ళ నీటిలో అయిదు, పది పాళ్ళున్నా మన ముక్కు పసిగడుతుంది. ఆమ్లం దీన్ని కూడా విరిచేస్తుంది. శీలావతిని వేపుడు కంటె పులుసుగానే మెచ్చుకోవడానికి ఇదొక కారణం.

ముక్కలు పడ్డాక దాకలో గరిటె పెట్టకూడదు. రెండు చేతులతో దాక అంచులు గుడ్డతో పట్టుకొని కుదపాలి. ఎందుకని? మేక తన బరువును నాలుగు కాళ్ళ మీద మోసుకొని తిరగాలి. దాని కండలను గట్టి పీచు కట్టి ఉంచుతుంది. చేప బరువును నీరే మోస్తుంది. అందుచేత దాని కండ పొరల మధ్య ఉన్న కట్టు పలచన. కాస్త వేడికే ఆ కట్టు కరిగి జిగురవుతుంది, పొరలు విడిపోతాయి. మేకమాంసం గంట ఉడకాలి, చేప పావుగంటలో ఉడుకుతుంది. గరిటె తగిలితే ముక్క చిదురుపలే!

అయితే పులసను సన్నసెగ మీద చాలాసేపు ఉంచుతారు. కారణం ముళ్ళు. ఈ చేపకు వెన్నెముకతోపాటు కండ నిండా వెంట్రుకల వంటి సన్నని చీలిక ముళ్ళు ఉంటాయి. ఎముక గట్టిదనానికి కారణం కాల్షియం లవణాలు. ఆమ్లం వాటిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది, వేడి లోపలి పీచును మెత్తబరుస్తుంది. పెద్ద ముళ్ళు అలాగే ఉంటాయి, జాగ్రత్త. సన్నవి నాలుక మీద అంతగా గుచ్చుకోవు. చేప ముల్లును నాలుగైదు రోజులు వినిగరులో నానబెట్టి వంచి చూడండి. విరగకుండా వంగుతుంది.

బెండకాయ ముక్కలు వేస్తే వాటి జిగురు పులుసును చిక్కబరుస్తుంది. కొందరు వెన్న వేస్తారు, కొందరు ఆవకాయ నూనె వేస్తారు. పులసకు నిజానికి నూనె అక్కరలేదు, దాని కొవ్వే కరిగి పైకి తేలుతుంది. మిరపకాయ ఘాటు, మసాలా వాసనలు నీటిలో కంటె కొవ్వులో బాగా కరుగుతాయి. అందుకే పైన తేలిన ఆ ఎర్రని తెట్టెలో అంత రుచి.

ఈ పులుసు వండిన రోజు తినకూడదంటారు! మర్నాడే తినాలట. ఇదీ వట్టిమాట కాదు. ఉప్పు, పులుపు ముక్క మధ్యలోకి చేరడానికి గంటలు పడుతుంది. కరిగిన జిగురు చల్లారి పులుసును గడ్డకట్టినట్టు చేస్తుంది. పులుపు ఎక్కువగా ఉన్నచోట చాలా సూక్ష్మజీవులు పెరగలేవు గనుక, ఫ్రిజ్‌లు లేని రోజుల్లో కూడా ఉదయం, సాయంత్రం ఒక పొంగు రానిచ్చి నిలవ ఉంచగలిగారు.

మెట్లు లేని గోడ

మరి బొచ్చెను పెంచినట్టు పులసను కూడా చెరువుల్లో పెంచితే ధర దిగిరాదా? ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి ఇదే. సూది వేయడానికి బొచ్చెను చేత్తో పట్టుకోవచ్చు. పులసను వలలోంచి తీస్తే నిమిషాల్లో ప్రాణం పోతుంది. పొలుసు రాలితే చాలు, తట్టుకోలేదు. దాన్ని చెరువులో పెంచే ప్రయత్నాలు మన దేశంలో ఏళ్ళ తరబడి సాగుతున్నా బజారు నిండేలా పెంచడం ఇంకా చేతకాలేదు. కాబట్టి పులస రావాలంటే నదే పిలవాలి.

నదిలో దానికి ఒక గోడ అడ్డుంది. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. గోదావరి జిల్లాలు అన్నం తింటున్నాయంటే దాని చలవే. ఆ స్థానంలోనే ఇప్పుడు 175 తలుపులున్న బ్యారేజీ ఉంది. ఇటువంటి ఆనకట్టల వల్ల నదుల్లో ఎదురీదే చేపల దారి మూసుకుపోతోందని ఫ్రాన్సిస్ డే అనే శాస్త్రజ్ఞుడు 1873లోనే ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో చర్చించాడు. పెద్ద వరదలో తలుపులన్నీ ఎత్తినప్పుడు కొన్ని చేపలు దాటిపోవచ్చు. మిగతావి గోడ దిగువనే ఆగిపోతాయి. ధవళేశ్వరం, బొబ్బర్లంక ప్రాంతాల్లో పులస పడడం వెనక ఇదీ ఉంది. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ పనిచేయడం మొదలైన తర్వాత, ఒకప్పుడు ప్రయాగ దాకా ఎగబాకిన ఇలిష్ అక్కడ కరువైపోయింది. కొన్ని దేశాల్లో ఇటువంటి గోడల పక్కన చేపలు ఎక్కడానికి నీటిమెట్లు కడతారు. ఒక్కొక్క మెట్టు మీదికి ఎగురుతూ అవి పైకి పోతాయి. బారక్‌పూర్‌లోని కేంద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు వేరే దారి పట్టారు. ఫరక్కా దిగువన పట్టిన ఇలిష్‌లను బతికుండగానే తీసుకువెళ్ళి ఎగువన వదులుతున్నారు.

వలల సంగతి ఇంకొకటి. మన తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట ఆపుతారు. పులస నదిలోకి వచ్చేది ఆ తర్వాత. అంటే గుడ్లతో నిండిన చేప గోదావరి ఎక్కే రోజుల్లో ఆ నిషేధం దానికి అక్కరకు రాదు. బంగ్లాదేశ్‌లో అక్టోబరులో ఇలిష్ గుడ్లు పెట్టే 22 రోజులూ వేట నిషేధిస్తారు. నవంబరు నుంచి జూన్ వరకు పిల్లచేపలను పట్టనీయరు. ఆ నెలల్లో బియ్యం ఇచ్చి జాలరి కుటుంబాలను ఆదుకుంటారు. మన దగ్గర గంప చుట్టూ మూగినవారిలో చాలామంది గుడ్డున్న చేపనే అడిగి తీసుకుంటారు. మామ్మను అడిగితే, “నా చిన్నప్పుడు గంపలు గంపలు దిగేవి నాయనా, ఇప్పుడు ఒక్కటి పడితే పండగ” అంటుంది.

ఒక పొలుసు దాచుకొని తెచ్చుకున్నారా? కడిగి, ఆరబెట్టి, రెండు గాజుపలకల మధ్య పెట్టి భూతద్దంతో చూడండి. చెట్టు మొదలులో ఉన్నట్టే గుండ్రని గీతలు కనిపిస్తాయి. చేప బాగా పెరిగిన కాలంలో గీతలు ఎడంగాను, పెరుగుదల మందగించిన కాలంలో దగ్గరగాను పడతాయి. మనలాంటి వేడిదేశాల చేపల్లో ఇవి చలిదేశపు చేపల్లో ఉన్నంత స్పష్టంగా ఉండవు, అయినా ఓపిక పడితే దగ్గర గీతల పట్టీలు దొరుకుతాయి. శాస్త్రజ్ఞులు చేప వయసు కట్టేది వీటిని బట్టే. మీ ఇంటి దాకలోకి వచ్చిన పులస ఎన్నేళ్ళు సముద్రంలో తిరిగి వచ్చిందో లెక్కపెట్టి చూడండి.